అక్కను అందుకునే లెక్క

ఆటో దిగి ఫోన్ల టైం చూసుకున్నది ప్రసన్నలక్ష్మి. పన్నెండు ఇరవై. "గిక్కడ ఏమున్నదమ్మా, గోడ తప్ప," అని ఆటోకాయన నవ్వి బండి మలుపుకొని పోయిండు. నిజమే, గోడనే ఉన్నది. మనిషికి రెండింతలెత్తు, పైన ముళ్లతీగ, ఇటు చూస్తె కనుచూపు మేర గోడ, అటు చూస్తె కనుచూపు మేర గోడ, దానవతల ఎయిర్‌పోర్టు. గోడ మొదట్ల ఒక రాయి, కూసుంటె నున్నగైన రాయి, దాని చుట్టు పల్లికాయ పొట్టు. వంగి ఇంత పొట్టు చేతులకు తీసుకున్నది. గాలికి ఇంకా చెదరలేదు, చీమలు గూడ పట్టలేదు. అంటే అక్క గిప్పుడే లేచి నడిచింది. గిప్పుడే అంటే ఎంత? పన్నెండింటి పెద్ద ఇమానం లేచినంక అమ్మ లేస్తది చిన్నమ్మా, అని చెప్పింది అనుపమ, అక్క బిడ్డ. అంటే ఇరవై నిమిషాలు. మోకాళ్ల నొప్పుల మనిషి గంటకు మూడు కిలోమీటర్లు నడిస్తె అదే గొప్ప. ఇరవై నిమిషాలల్ల కిలోమీటరు. అక్క కిలోమీటరు ముందున్నది. తను గంటకు ఐదు నడుస్తది, ఎయిర్‌పోర్టుల బాత్రూము నుంచి బాత్రూముకు బకిట పట్టుకొని ఉరికి ఉరికి కాళ్లు గట్ల తయారైనయి. ఐదుల నుంచి మూడు తీసేస్తె రెండు. ఒక్క కిలోమీటరును రెండుతోని భాగిస్తె అర్ధగంట. పన్నెండు యాభైకి, ఈ గోడకు రెండున్నర కిలోమీటర్ల కాడ, అక్క దొరుకుతది. మంఖాల్ల అక్క ఇల్లు ఇక్కడికి నాలుగు కిలోమీటర్లు. గడప ఎక్కకముందే దొరుకుతది. దొరకాలె. పొట్టు కింద పడేసి, చెప్పులు సరిజేసుకొని, కొంగు నడుముకు చెక్కి నడిచింది.

ఇదే లెక్క పొద్దుగాల పరీక్ష పేపర్ల వచ్చింది, చిత్రం గాకపోతె. అంకెలే వేరు. ఒకతను సైకిల్ మీద ముందు పోయిండు, ఇంకొకతను గంట ఆగి బయలెల్లిండు, ఎక్కడ అందుకుంటడు. శంషాబాద్ బడి, గోడకు పెచ్చులూడిన గది, పైన ఫ్యాను కిరకిరమంటున్నది, నడి వయసు ఆడోళ్లు, డ్రైవర్లు, హోంగార్డులు అందరు పిల్లల బెంచీలల్ల మోకాళ్లు ముడుసుకొని కూసొని రాస్తున్నరు. ఓపెన్ స్కూల్ పది. ఆమెకు మూడోసారి. తెలుగు, సోషల్, సైన్సు మొదటిసారే అయిపోయినయి, లెక్కలే కొరివిదయ్యమై కూసున్నది. పది పాసైతె సూపర్‌వైజరు చేస్తమని కంట్రాక్టు కంపెనీవాళ్లు అన్నరు, చేస్తరో చెయ్యరో దేవునికెరుక. ఆ సైకిల్ లెక్క చదివినంక చెయ్యి ఆగిపోయింది. లెక్క రాక గాదు, వచ్చి. పేపరు వెనక తన లెక్క వేసుకున్నది. అక్క ఎనిమిదిన్నరకు ఇంటి నుంచి ఎల్తది, పదింటికి గోడ కాడికొస్తది, పన్నెండింటికి లేస్తది. పరీక్ష అయ్యేది పన్నెండింటికి. గంట కొట్టేదాక కూసుంటె ఒంటిగంటకు గోడ. అప్పటికి అక్క మూడు కిలోమీటర్లు పోయి ఉంటది, ఇల్లు ఇంకొక్కటే. అందుకునేసరికి అక్క ఎప్పుడో ఇంట్ల పడి తలుపేసుకొని ఉంటది. ఇగ ఏమున్నది, సైకిల్ లెక్క గబగబ గీకి, గ్రాఫు లెక్క ముట్టకుంట ఇడిసిపెట్టి, పదకొండున్నరకు కాయితం ఇచ్చేసింది. "ఇంకా అర్ధగంట ఉన్నదమ్మా, కూసొని చూసుకోరాదు," అన్నది కాపలా ఉన్న టీచరమ్మ. అర్ధగంట ఉన్నది కాబట్టే గద మేడం, అని మనసుల అనుకుంటనే బయటవడ్డది.

ఎండ చైత్రమాసపు ఎండ. బాట సగం మొరం, సగం ఎప్పుడో పోసిన డాంబరు. ముందు మనిషి జాడ లేదు, మలుపు అడ్డమున్నది. మలుపు దాటితె కనవడుతది. ఒక ఇమానం తలమీద నుంచి దిగింది, పొట్టకిందున్న చక్రాలు గూడ కనవడె. మొదట్ల భయమయ్యేది, ఇప్పుడు తలెత్తి చూడబుద్ధి గాదు. ఈశ్వరయ్య సారు ఆదివారం ఆదివారం పాఠం చెప్పేటప్పుడు ఇమానం పోతె చెప్పేది ఆపి, అది పోయినంక మల్ల అదే మాట కాడ అందుకునేటోడు. "ఎదురెదురుగ వస్తున్నరంటె వేగాలు కలపాలె. ఒకే దిక్కు పోతున్నరంటె తీసెయ్యాలె. గింతే అమ్మా దీన్ల ఉన్నది, గింత దానికి ఇంత పరేషాన్ ఎందుకు?" ఎందుకంటె సారూ, అని ఆమె అడిగేది, పన్నెండు కిలోమీటర్లు నడిచే మనిషి నడుమ ఎక్కడ ఆగడా? నీళ్లు తాగడా? చెప్పు తెగదా? ఎవలన్న కలిస్తె మందలియ్యడా, మంచిచెడ్డ అడగడా? మొదటి పరీక్షల గట్లనే పోయింది మరి. ఇద్దరు ఎన్ని గంటలకు కలుస్తరంటె, మూడు గంటలని వచ్చిన జవాబుకు ఇంకో పావుగంట కలిపి రాసింది, దమ్ము తీసుకునే టైమని. సారు ఆ సంగతి విని నవ్వలేదు, కళ్లద్దాలు తీసి తుడుసుకొని మెల్లగ చెప్పిండు. "అమ్మా, లెక్కలల్ల మనుషులకు దప్పిక కాదు. మోకాళ్లు నొయ్యవు. బయలెల్లిన్రంటె ఇగ ఆగరు. నువ్వు గూడ ఆపకు." ఆ మాట కాడనే ఆమెకు లెక్కలొచ్చినయి. ఆ మాట కాడనే పానం గూడ చివుక్కుమన్నది, ఎందుకో సారుకు చెప్పలేదు. బయలెల్లిన్రంటె ఆగరు సరే, అసలు బయలెల్లనే లేదనుకో, ఆ మనిషికి ఏ సూత్రమున్నది?

మలుపు తిరిగింది. ఎవ్వలు లేరు. గొర్ల మంద పోయినట్టు డెక్కల గుర్తులు, వాటి నడుమ చెప్పుల గుర్తులు ఏమన్న ఉన్నయా అని చూస్తు నడిచింది. పన్నెండు ముప్ఫై రెండు. ఇంకా పద్దెనిమిది నిమిషాలు.

ఎదురెదురు నడక ఆమెకు ఎవలన్న నేర్పాల్నా? ఆమె పాల్మాకులకు కోడలైంది, అక్క సక్కుబాయి మంఖాల్‌కు కోడలైంది, నడుమ ఆమడ దూరం, ఆ ఆమడ నడుమ వాళ్ల తల్లిగారూరు. బస్సుల పోవాల్నంటె పట్నం దిక్కుపోయి, రెండు బస్సులు మారి, సగం దినం గంగల కలిసేది. నడిస్తె చెల్కల పొంటి సక్కటి బాట. మంగళారం ఇద్దరి అత్తలు అంగడికి పోయేది, ఇద్దరు కోడండ్లకు పొయ్యి కాడ జర సందు దొరికేది. తను ఇటు నుంచి, అక్క అటు నుంచి. తల్లిగారూరి పొలిమేరల జంటగుండ్లుండేవి, ఏనుగులు పండుకున్నట్టు రెండు గుండ్లు, నడుమ నీడ. అక్కడ కలిసేది. ఫోన్లు లేవు, చిట్టీలు లేవు, వస్తవా అని అడుగుడు లేదు. వస్తది. అంతే. తను పడుసుపిల్ల, ఉరికినట్టు నడిచేది గనుక ముందే చేరుకొని గుండెక్కి చూసేది, చెల్కల నడుమ ఎర్ర చీరనో, పచ్చ చీరనో ఇంత చుక్కయి, చుక్క పెద్దగై, నడక తెలిసి, మొఖం తెలిసేది. ఆ చుక్క మొఖమయ్యేదాక పట్టే టైము ఉన్నది సూడు, దానంత సంబురం ఆమెకు ఇగ ఏ దాంట్ల రాలేదు, పెండ్లిల రాలేదు, కొడుకు పుట్టినప్పుడు రాలేదు, ఎయిర్‌పోర్టుల నౌకరి దొరికినప్పుడు రాలేదు. అక్క కొంగుల పల్లీలు కట్టుకొచ్చేది. వేంచినయి. పొట్టు ఊదుకుంట తినుకుంట అమ్మ లేదన్న సంగతి కొద్దిసేపు మర్చిపోయేది ఇద్దరు.

అమ్మ లేదు గనుకనే ఒడిబియ్యం అక్క పొయ్యాల్సి వచ్చింది. బిడ్డను పెండ్లి చేసి పంపినంక తల్లిగారు ఊకుంటరా, ఒడి నింపాలె. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, రైక గుడ్డ, తూర్పు మొఖాన నిలవెట్టి ఐదు దోసిళ్లు కొంగుల పోస్తె, బిడ్డ ఆ ఒడి ఇప్పకుండ అత్తగారింటికి నడవాలె. అయ్య పోయిండు, అమ్మ పోయింది, ఎయిర్‌పోర్టుకు భూములు పోంగ తల్లిగారూరే లేచిపోయింది, ఇల్లు కూలగొట్టిన్రు. ఏ ఇంట్ల పోస్తరు? "ఊరు లేకపోతె ఏంది, పొలిమేర ఉన్నది గద," అన్నది అక్క. "జంటగుండ్ల కాడ పోస్త. వచ్చే మంగళారం పసుపు చీర కట్టుకొని రా." ఐదు శేర్ల బియ్యం నెత్తి మీద పెట్టుకొని ఆరు కిలోమీటర్లు మోసుకొస్త అన్నది, కష్టమన్న మాట లేకుంట. కలిపిన బియ్యం వాపస్ పోవద్దు, అది కట్టడి. ఆడిబిడ్డ పేరు మీద పసుపు కలిపినంక అవి ఆ బిడ్డ ఒడిలనే పడాలె, ఇంటికి మళ్లించుకపోతె ఇద్దరిండ్లకు మంచిది గాదు.

ఆ మంగళారం తను పోలేదు.

ఎన్నిసార్లు చెప్పుకున్నదో ఈ ముక్క తనకు తను, ఎన్ని తీర్ల మలిపి చెప్పుకున్నదో. పొద్దుగాల పసుపు చీర కట్టుకున్నది, అది నిజం. పెనిమిటి బాలమల్లు బయటినుంచి వచ్చి "బాట బంద్ వెట్టిన్రే, కంచె ఏస్తున్నరు, సెక్యూరిటోళ్లు పోనిస్తలేరు, పోకు," అన్నడు, అదీ నిజం. బాట బంద్ అయితె అక్క గూడ రాదు, ఇద్దరం రాము, సరిపాయె, అనుకున్నది. గట్ల అనుకుని చీర మార్చుకున్నది. అటు దిక్కు ఎవ్వలు చెప్పలేదు అక్కకు, అటు దిక్కు కంచె ఇంకా రాలేదు. అక్క వచ్చింది. పొద్దుగూకేదాక కూసున్నది. కాపలావాళ్లు లెవ్వమన్నదాక కూసున్నది. తర్వాత గాజులమ్ముకునే రుక్కమ్మ చేత ఒక మాట పంపింది, ఒక్కటే మాట. "నా దిక్కు నుంచి నేను వచ్చిన అని చెప్పు." తిట్టు లేదు, శాపం లేదు. తిట్టి ఉంటె పోయి కాళ్లు పట్టుకుంటుండె. ఆ మాటకు ఏం జవాబియ్యాలె? సిగ్గుతోని ఒక వారం పోయింది, వారం నెలైంది, నెల ఏడాదైంది, బాట మీద గోడొచ్చింది, గోడ లోపల రన్‌వే వచ్చింది, జంటగుండ్లు బారుపెట్టి పేల్చిన్రు, ఏడేండ్లు పోయినయి. ఇప్పుడు లెక్కలు నేర్చుకున్నంక తెలుస్తున్నది గద ఆ దినం ఏమైందో. ఒకల వేగం సున్న అయితె రెండో మనిషే మొత్తం దూరం నడవాలె. నడిచినా కలువది, మొదటి మనిషి ఇంట్ల కూసున్నది గనుక.

చిన్న కల్వర్టు వచ్చింది. దాటింది. కింద నీళ్లు లేవు, వానకాలం తప్ప ఉండవు. దాటుకుంట గూడ ముందుకే చూసింది, బాట చివరికి, ఎర్రగనో పచ్చగనో ఒక చుక్క దొరుకుతదేమోనని. పన్నెండు నలభై ఒకటి. నోరెండుతున్నది. ఆటోల బాటిలు మర్చిపోయింది. లెక్కలల్ల మనుషులకు దప్పిక కాదు.

ఎయిర్‌పోర్టుల నౌకరికి చేరింది గూడ ఎందుకో బాలమల్లుకు తెల్వది. జీతానికే అనుకున్నడు. జీతం కావాలె, ఎవలకొద్దు? గని చేరిన మొదటి నెల ఆమె చేసింది ఏందంటె, జంటగుండ్లు ఎక్కడుండెనో వెతుకుడు. అద్దాల లోపల నిలవడి, దూరంగ కనిపించే గుట్టను గుర్తువెట్టుకొని, ఇటు పాల్మాకుల, అటు మంఖాల్ అని మనసుల గీత గీసుకొని, రన్‌వే పక్క గడ్డిల ఒక జాగ ఖాయం చేసింది. అదేనో కాదో. బకిట పట్టుకొని పోయినప్పుడల్ల ఒక్క నిమిషం ఆ అద్దం కాడ నిలవడేది, మొన్న శనివారం గూడ నిలవడింది. ఎనకనుంచి ఒక పిల్ల, దుకాణంల పనిచేసే పిల్ల, మెడల కార్డు, "ఆంటీ, టిష్యూలు అయిపోయినయి," అన్నది. ఆ గొంతు. కార్డు మీద అనుపమ అని చూసింది గని, గొంతే ముందు చెప్పింది, పన్నెండేండ్ల పిల్లను చూసిందే ఆఖరు, ఇప్పుడు మనిషంత మనిషి. "నీ తల్లి సక్కుబాయేనా బిడ్డా?" అని అడిగి బకిట కింద పెట్టింది. ఆ పిల్లనే చెప్పింది. అమ్మ మీ ఊసు తియ్యది చిన్నమ్మా, మమ్మల్ని తియ్యనియ్యది. గని మంగళారం వచ్చిందంటె గోడ దాక నడుస్తది. రెండు గంటలు కూసుంటది. ఏం చేస్తవే ఆడ అంటె, గాలికి కూసున్న అంటది. ఇప్పుడు మోకాళ్లు అరిగిపోయినయి, దవాఖానల డాక్టర్ నడక బంద్ చెయ్యమన్నడు, ఈ మంగళారం ఒక్కటి పోయొస్త, ఇగ పోను అన్నది. ఏడేండ్లు. తను గోడకు లోపట, అక్క గోడకు బయట. ఇద్దరు రోజు ఒకే ఇమానాల చప్పుడు విన్నరు.

మంఖాల్‌కే పోరాదా, ఇంటికి, అన్నది అనుపమ. పోతది, ఎందుకు పోదు. బావ కుర్చీ ఏస్తడు, అక్క చాయ్ పోస్తది, వచ్చినోళ్లకు పోసినట్టు. అది గాదు కావాల్సింది. ఏ బాటకు రాకపోయిందో ఆ బాట మీదనే కలవాలె, అక్క నడుస్తుండంగనే కలవాలె, ఆఖరు మంగళారం ఒడవకముందే. లేకపోతె ఆ మాట అట్లనే ఉంటది సచ్చేదాక. నా దిక్కు నుంచి నేను వచ్చిన.

పన్నెండు నలభై తొమ్మిది. పన్నెండు యాభై. నిలవడ్డది. రెండున్నర కిలోమీటర్లు, అటీటు అడుగు ఎక్కువో తక్కువో. ఇక్కడ అక్క ఉండాలె. బాట సక్కగ, దాపరికం లేకుంట, మంఖాల్ దిక్కు పోతున్నది. కనవడినంత దూరం ఖాళీ. ఒక కుక్క పండుకున్నది. ఇంకా ఐదు నిమిషాలు ఉరికినట్టు నడిచింది, కండ్లల్లకు చెమట దిగింది, ఖాళీ. అక్క పన్నెండింటికి ముందే లేచిందా? ఎవలన్న బండెక్కించుకున్నరా? గ్రాఫు లెక్క ఇడిసిపెట్టి వచ్చింది, అది పోతె పోనియ్. అది రాయకున్నా పాసైతదేమో, కాకపోతదేమో, అదీ పోనియ్. ఇరవై నిమిషాలు ముందు లెవ్వరాదా తను, పరీక్షనే ఎగ్గొట్టరాదా. ఎక్కడ తప్పింది లెక్క? ఐదుల మూడు తీసేసింది, రెండు. తప్పేం లేదు. తప్పేం లేదు గద. ఏడుపొచ్చింది, నడి బాట మీద, మంచిగ చప్పుడు చేసుకుంటనే ఏడ్చింది, వినేటోళ్లెవలున్నరు గనుక.

"ఓ లచ్చిమీ."

ఎనక నుంచి.

"జర నిలవడవే తల్లీ. నీ ఎంబడి ఉరుకుడు నాతోని గాదు."

లచ్చిమి అని పిలిచే మనిషి లోకంల ఒక్కతే. ఎనకకు తిరిగింది. దూరంగ, తను దాటొచ్చిన బాట మీద, పచ్చ చీర, ఇంత చుక్క. చుక్క ఒక దిక్కు ఒరుగుకుంట వస్తున్నది. కల్వర్టు కింద నీడకు దిగి కూసున్నదట, మోకాలు పట్టేస్తె. తలమీద నుంచి టకటక ఎవలో పోయినట్టు అయ్యిందట, ఆ చెప్పుల చప్పుడు విని, ఎక్కడో విన్న నడక అని మెల్లగ పైకెక్కి చూసేసరికి వీపు కనవడ్డదట. అప్పటినుంచి పిలుస్తనే ఉన్నదట, ఇమానం చప్పుడుకు వినవడలేదు. ఇవన్ని తర్వాత తెలిసినయి. అప్పుడైతె అవన్ని ఏం తెల్వదు, చుక్క మొఖమయ్యేదాక ఆగలేక తనే ఎదురు నడిచింది. ఎదురెదురుగ వస్తున్నరంటె వేగాలు కలపాలె. కలిపిన వేగం ఎంతో ఆమె లెక్కపెట్టలేదు. చుక్క నడకైంది, నడక మొఖమైంది. మొఖం జర ఎండిపోయింది, నెత్తి నెరిసింది, అంతే.

అడుగు దూరంల ఇద్దరు ఆగిన్రు. ముట్టుకోలేదు.

"పరీక్ష రాసినవా? నేను వద్దంటున్నా ఇనకుంట అనుపమ చెప్పింది."

"రాసిన. ఒకటి ఇడిసిపెట్టిన."

"ఎందుకిడిసిపెట్టినవే?"

"నువ్వు పోతవని."

అక్క కొంగుతోని మొఖం తుడిచింది, తనది కాదు, చెల్లెది.

"ఆ బియ్యం ఏం జేసినవక్కా?" ఏడేండ్ల సంది నోట్ల నానుతున్న మాట ఇదే, మాఫీ గాదు, ఇంకేం గాదు.

"ఏం జేస్త. వాపస్ తేవద్దాయె. గుండు మీద పోసొచ్చిన." చేతి సంచి భుజానికి తగిలిచ్చుకున్నది. "తిట్టుకుంటనే పోసిన. గని నీ పేరు చెప్పే పోసిన."

ప్రసన్నలక్ష్మి నడుముకు చెక్కిన కొంగు తీసి, రెండు చేతులతోని చాపి పట్టింది. అక్క ఆ కొంగు దిక్కు చూసింది, చెల్లె మొఖం చూసింది, తన సంచి చూసుకున్నది.

"బియ్యం లేవే. పల్లీలున్నయి, ఇంతే."

"పల్లీలే పొయ్యి."

అక్క ఆమె భుజాలు పట్టి తూర్పుకు తిప్పి నిలవెట్టింది. ఐదు దోసిళ్లు పొయ్యాలె. సంచిల చూస్తె పల్లీలు రెండు గుప్పిళ్లకు మించి లెవ్వు. అక్క కొద్దికొద్దిగ తీసి, మెల్లగ పోసి, వాటినే ఐదుసార్లు చేసింది.